వానకు కిరాయి

వ్యాగన్ని పరీక్షించడానికి ఒక పద్ధతుంది.
లోపలికెక్కి, రెండు తలుపులూ మూయించి,
చీకట్లో నిలబడి తలెత్తాలి.
ఎక్కడ వెలుగు కనిపిస్తే
ఆ దారినే వానా వస్తుంది.

ఆ శ్రావణంలో వరంగల్ గూడ్స్ షెడ్డులో
నేను తలెత్తి చూశాను.
తుప్పు తిన్న అతుకు వెంట ఏడు చుక్కలు.
సప్తర్షుల్లా ఏమీ లేవు,
పోలికలు వెతికే తీరిక నాకప్పుడు లేదు,
రేకుకి పడ్డ చిల్లుల్లాగే ఉన్నాయి.

కింద నలభై రెండు నూలు బేళ్లు.
కోయంబత్తూరు నుంచి పదకొండు రోజుల ప్రయాణం.
పైవరసను అరచేత్తో నొక్కితే
నీళ్లు మణికట్టు దాటి
చొక్కా మోచేతి దాకా పాకాయి.

కొత్తవాడ సంఘం తరఫున బైరి సోమలింగం వచ్చాడు.
గుంటమగ్గంలో కాళ్లాడించీ ఆడించీ
నేల మీద నడుస్తున్నా
తొక్కుడు చెక్కల మీదున్నట్టే ఉంటాడు.
గోనె చింపి ఒక చిలప లాగి వాసన చూశాడు.
"సారూ, గిది రంగు పట్టది. పట్టినా మచ్చలు మచ్చలైతది.
ఒక్క ముక్క రాయుండ్రి. డబ్బా కారిందని."

ఒక్క ముక్క.
రిమార్కుల గడి వెడల్పు అంగుళంన్నర.
అందులో రైల్వే తప్పు పట్టదు.
పంపినవాడి తప్పు చక్కగా ఇముడుతుంది.
సూపర్‌వైజర్ పీతాంబరం గుమ్మంలో నిలబడి
అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ చెప్పాడు,
నేను రాశాను:
ప్యాకింగ్ సరిగా లేదు. సరుకు చెమ్మగా ఉంది.
ఓనర్ రిస్కు.

తక్కువ రేటుకి ఆశపడి ఎవరో ఎక్కడో పెట్టిన సంతకం అది.
దాని కింద మబ్బులు కూడా సరుకువాడివే.

ఆపైన తూకం.
రసీదులో ఉన్నదానికంటే
మూడు వందల పన్నెండు కిలోలు ఎక్కువ తూగింది.
"తరుగు లేదు, చూడవయ్యా" అన్నాడు పీతాంబరం,
నిజంగానే సంతోషపడుతూ.
ఎక్కువ వచ్చినదానికి కిరాయి కట్టాలి. రూలుంది.
నేనే లెక్క గట్టాను, నేనే చెప్పాను.
సోమలింగం కాటా ముల్లు వైపు చూశాడు,
తర్వాత నా వైపు.
"వానకు కిరాయా సారూ?"

గూడూరులో ఎక్కిందో, డోర్నకల్‌లో ఎక్కిందో
టికెట్ లేని వాన.
దాని పేరున నూట ముప్పై ఆరు రూపాయలు
పంచె మొలలోంచి తీసి, చిల్లరతో సహా లెక్కపెట్టి కట్టాడు.
కార్బన్ పెట్టి రసీదిచ్చాను.

ఆరు నెలల్లోపు నోటీసివ్వాలి, ఇచ్చాడు.
వాయిదాలకు తిరగాలి, తిరిగాడు.
నాలుగేళ్లకు సికింద్రాబాద్ ట్రిబ్యునల్ నన్ను సాక్ష్యానికి పిలిచింది.
పాసు మీద పోయాను. రోజు భత్యం కూడా వచ్చింది.

"వ్యాగన్ లోపలికి వెళ్లారా?"
వెళ్లాను.
"తలుపులు మూయించారా?"
మూయించాను.
"వెలుగు కనిపించిందా?"

బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది.
గుండ్రటి దస్తూరీ. ఆరో తరగతిలో
పంతులు బడంతా తిప్పి చూపించిన దస్తూరీ.
"అందులో ఏముంటే అదే సార్."

తిరుగు ప్యాసింజర్లో సోమలింగం నా ఎదుటి సీటే.
వేరే పెట్టెకి పోదామంటే కాలు పెట్టే సందు లేదు.
ఆలేరు దాటాక సద్ది విప్పాడు. జొన్నరొట్టె, పుంటికూర.
సగం తుంచి నా వైపు జరిపాడు.
"తినుండ్రి. పొద్దటిసంది నిలబడ్డరు."

చాలాసేపటికి అడిగాను, ఆ నూలేమైందని.
"ఎండబోసినం, నేసినం. టెంటుహౌసోళ్లు సగం ధరకు కొన్నరు.
జంపఖాన మీద మంది కూసుంటే
మచ్చ కనపడది గద."

రఘునాథపల్లి దగ్గర వాన అందుకుంది.
షట్టర్లు దించారు. పెట్టె చీకటైంది.
అలవాటు కొద్దీ నేను తలెత్తాను.
చూస్తే, సోమలింగం కూడా ఎత్తి ఉన్నాడు.
కాజీపేట దాకా ఇద్దరం పైకే చూశాం.

ఒక్క చుక్క కారలేదు.